రాతినేల రంగులు – 9: జింకు రేకు మీద నిజాంపూర్

1963లో గుజరాత్ రాజభవన్‌లో ఉన్న గవర్నరు మన హైదరాబాదీ. పేరు మెహదీ నవాజ్ జంగ్. గత భాగం చదివినవారికి ఈయన కొత్త కాదు. వరంగల్ జిల్లా పెనుగొండ నుంచి బొమ్మల పిచ్చితో పట్నం చేరిన కొండపల్లి శేషగిరిరావు గారిని ఆదుకొని, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గరికి చేర్చడానికి పూనుకున్న నవాబు ఈయనే. 1949-50లో అక్కడ చదువుకొని తిరిగొచ్చిన శేషగిరిరావు గారు హైదరాబాద్ ఆర్ట్ కాలేజీలో పంతులుగా చేరారు. తరాల తరబడి పిల్లలకు గీత దిద్దించారు. 1975 ప్రపంచ తెలుగు మహాసభలకు తెలుగుతల్లి బొమ్మ వేశారు. పోయిన వారం అక్కడ ఆగాం.

అదే 1963లో హైదరాబాద్ నుంచి ఇంకో కుర్రవాడు గుజరాత్ రైలెక్కాడు. చేతిలో హైదరాబాద్ ఆర్ట్ కాలేజీ డిప్లొమా ఉంది. గవర్నరు గారున్న రాష్ట్రానికే ఇతనూ వెళ్లడం కాకతాళీయమే. కానీ ఒక తరాన్ని నవాబు ఆదరణ నడిపిస్తే తర్వాతి తరాన్ని విశ్వవిద్యాలయం నడిపించబోతోందని చెప్పడానికి ఇంతకంటే మంచి ముహూర్తం నాకు దొరకలేదు. రైలెక్కినవాడి పేరు కలాల్ లక్ష్మాగౌడ్. వయసు ఇరవై మూడు. గమ్యం బరోడా.

ఇతను పుట్టింది 1940లో, అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో. ఐదుగురు పిల్లల్లో ఒకడు. నిజాం సర్కారు హైదరాబాద్‌లో ఆర్ట్ స్కూలు తెరిచింది కూడా 1940లోనే. బడి, ఆ బడికి పేరు తెచ్చే పిల్లవాడు ఒకే ఏడు పుట్టారన్నమాట. అయితే ఆనాటి నిజాంపూర్ నుంచి చూస్తే ఆ బడి ఉన్నదో లేదో కూడా తెలియదు. సర్కారు కాగితం ఉర్దూలో ఉండేది, ఇంట్లో మాట తెలుగులో ఉండేది. భూమి దొరలది, వెట్టి పేదలది. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసిపోయేనాటికి ఈ పిల్లవాడికి ఎనిమిదేళ్లు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేనాటికి పదహారు. ఏ చరిత్ర పుస్తకం తీసినా ఆ ఎనిమిదేళ్లూ ఉద్యమాలతో, సైన్యాలతో నిండి ఉంటాయి. లక్ష్మాగౌడ్ బొమ్మల్లోకి మాత్రం అవి నేరుగా రాలేదు. వచ్చినవి మేకలు, చెట్లు, తలపాగాలు, నిండుగా నగలు పెట్టుకున్న ఆడవాళ్లు. రాజకీయం చూసిన కళ్లకూ పల్లె చూసిన కళ్లకూ మధ్య ఇంత దూరం ఎందుకుందో నాకు ఎప్పుడూ ఆసక్తే.

పల్లెలో చిన్నతనంలోనే తోలుబొమ్మలు చేయడం, మట్టితో అలంకారాలు దిద్దడం నేర్చుకున్నాడు. తోలుబొమ్మ ఎలా తయారవుతుందో ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది. మేక తోలో, జింక తోలో, దున్న తోలో తెచ్చి నానబెడతారు. వెంట్రుకలు పోయేదాకా, తోలు వెలుతురు సోకితే కనిపించేంత పలచనయ్యేదాకా గీకుతారు. ఆరాక దాని మీద మొనతేలిన పనిముట్టుతో రూపురేఖలు గీసి, రంగులద్ది, నగల చోట, చీర అంచుల చోట ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. తెర వెనక దీపం వెలిగించగానే ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుతురే రావణుడి కిరీటం, సీతమ్మ హారం. అంటే బొమ్మలో అందమంతా తీసేసిన చోట ఉంటుంది. గీకడం, పొడవడం, తొలచడం వచ్చినవాడికే ఆ పని వస్తుంది, కుంచె పట్టడం ఒక్కటే వచ్చినవాడికి రాదు.

సరే, పల్లె నుంచి పట్నం, అక్కడి ఆర్ట్ కాలేజీకి. ఇప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో భాగంగా మాసబ్ ట్యాంక్‌లో ఉన్న కాలేజీయే అది. అప్పట్లో దాని పేరు ప్రభుత్వ లలితకళలు, వాస్తుశిల్ప కళాశాల. శేషగిరిరావు గారు పాఠాలు చెబుతున్న రోజులవి. ఊళ్లో అప్పటికే రెండు గాలులు వీస్తున్నాయి. ఒకటి శాంతినికేతన్ గాలి. నీటిరంగు పలచగా పరచి, కడిగి, మళ్లీ పరచి, మెత్తటి గీతతో పురాణ కథలు చెప్పే పద్ధతి. ఇంకొకటి బొంబాయి జేజే స్కూలు గాలి. నూనెరంగు, గట్టి వెలుగునీడలు, యూరపు నుంచి కొత్తగా దిగిన వాదాలు. కరీంనగర్ జిల్లా అన్నారం నుంచి బొంబాయి వెళ్లి చదువుకొని, పేరు తెచ్చుకొని హైదరాబాద్ తిరిగొచ్చిన పి.టి. రెడ్డి గారు రెండో గాలికి పెద్దదిక్కు. రెండు వర్గాలవాళ్లూ ఒకరి బొమ్మలు ఒకరు మెచ్చుకునేవారు, మనసులో మాత్రం ఎవరి గురువు వారికి గొప్ప. మన సాహిత్యంలో భావకవులకూ అభ్యుదయ కవులకూ మధ్య నడిచిందే ఇక్కడ రంగుల్లో నడిచింది.

అయితే డిప్లొమా చేతికొచ్చిన కుర్రవాడికి ఈ వాదాలకంటే పెద్ద బెంగ ఒకటుండేది. బతుకుతెరువు ఏమిటి? ఆనాటి హైదరాబాద్‌లో బొమ్మలు కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. సినిమా హాలు మీద కట్టే బ్యానరు రాయవచ్చు. దుకాణాలకు బోర్డులు రాయవచ్చు. పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేయవచ్చు. వారపత్రిక సంపాదకుడి గుమ్మం ఎక్కవచ్చు. ఇవేవీ కాకపోతే హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. ఆ మాస్టారి బతుకు మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. లెక్కల అయ్యవారు రానిరోజు ఆయన్ని క్లాసుకు పంపుతారు. పరీక్షలు దగ్గర పడితే ఆయన పీరియడ్ లాగేసుకుంటారు. స్కూలు వార్షికోత్సవానికి మాత్రం తెర మీద హిమాలయాలు ఆయనే వేయాలి. బిడ్డ చిత్రకారుడవుతానంటే తల్లిదండ్రుల గుండె గుభేలుమనడానికి కారణం కళ మీద చిన్నచూపు కాదు, ఈ జీతం లెక్కే.

అందుకే బరోడా. 1949లో మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం మొదలైంది. మరుసటి ఏడు అందులో లలితకళల విభాగం వచ్చింది. అప్పటిదాకా దేశంలో ఆర్ట్ స్కూలంటే డిప్లొమా ఇచ్చే చోటు. బరోడా మాత్రం బొమ్మలకు విశ్వవిద్యాలయ డిగ్రీ ఇచ్చింది. ఫిజిక్సు చదివిన పిల్లవాడూ పెయింటింగు చదివిన పిల్లవాడూ ఒకే స్నాతకోత్సవంలో ఒకే గౌను వేసుకున్నారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చిత్రకారుడు లెక్చరరు కావడానికి, ప్రొఫెసరు కావడానికి తలుపు తెరిచింది ఆ గౌనే. పెయింటరు పంతులయ్యే కథలన్నిటికీ వెనక ఇలాంటి కాగితం ఒకటి ఉంటుంది.

అక్కడ లక్ష్మాగౌడ్‌కు దొరికిన గురువు కె.జి. సుబ్రమణ్యన్. కేరళ కూతుపరంబలో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గరే చదివినవాడు. పుట్టింది 1924లో. మన శేషగిరిరావు గారు పుట్టిందీ 1924లోనే. ఒకే ఏడాది పుట్టి, కొద్ది ఏళ్ల తేడాలో ఒకే గురువు పాదాల దగ్గర కూర్చున్న ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ వచ్చారు, ఒకరు బరోడా వెళ్లారు. నందలాల్ చేతిలోంచి పారిన రెండు పాయలూ ఈ నిజాంపూర్ కుర్రవాడిలో కలిశాయి. నిజానికి ఈ భాగం రాయడానికి నన్ను పురిగొల్పింది ఈ ఒక్క సంగతే.

పాయలు రెండూ ఒకటే నీరు, పారిన తీరే వేరు. శేషగిరిరావు గారికి నందలాల్ నుంచి అందింది పురాణం, కావ్యం, చరిత్ర. సుబ్రమణ్యన్‌కు అందింది చేతిపని. బొమ్మ వేసేవాడికి కుమ్మరి, నేతగాడు, బొమ్మలు చేసే వడ్రంగి చుట్టాలే గాని తక్కువ వాళ్లు కారన్నది ఆయన పట్టుదల. కొంతకాలం అఖిల భారత చేనేత బోర్డులో డిజైన్ల పని చూసి 1961లో బరోడా తిరిగొచ్చారు. అదే ఏడాది ఆ విభాగంలో ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ అనే జాతర మొదలైంది. విద్యార్థులు, మాస్టార్లు కలిసి చెక్కబొమ్మలు, మట్టిబొమ్మలు, గుడ్డబొమ్మలు చేసి ఊళ్లోవాళ్లకు అమ్మేవారు. 1963లో లక్నోలోని రవీంద్రాలయ గోడ మీద సుబ్రమణ్యన్ పెద్ద టెర్రకోట కుడ్యచిత్రం నిలబెట్టారు. కాల్చిన మట్టి ముక్కలు వేలకు వేలు పేర్చి చేసిన పని. సరిగ్గా ఆ సమయానికే, పల్లెలో మట్టి పిసికి వచ్చిన పిల్లవాడు కుడ్యచిత్రాలు నేర్చుకోవడానికి ఆ గుమ్మంలో అడుగుపెట్టాడు. ఊళ్లో వదిలేసి రావాలనుకున్న పనే ఇక్కడ సిలబసులో ఉంది!

కుడ్యచిత్రంతో పాటు లక్ష్మాగౌడ్ పట్టుకున్న రెండో విద్య ప్రింట్‌మేకింగ్. అందులోనూ ఎచింగ్. ఈ మనిషి స్వభావమంతా ఆ పనిలోనే ఉంది కాబట్టి అదెలా జరుగుతుందో చూద్దాం. ఒక జింకు రేకు తీసుకుంటారు. అంచులు ఆకురాయితో నున్నగా అరగదీస్తారు, లేకపోతే తర్వాత ప్రెస్సులో కాగితం చిరుగుతుంది. రేకును వేడిచేసి మైనమూ తారూ కలిసిన నల్లటి పూత పలచగా పరుస్తారు. చల్లారాక సూదితో గీస్తారు. సూది రేకును కోయదు, పూతను గీకుతుంది అంతే. గీకిన చోట లోహం తళుక్కున కనిపిస్తుంది. ఇప్పుడు రేకును నైట్రిక్ ఆసిడ్ కలిపిన నీళ్ల తొట్టిలో పెడతారు. పూత ఉన్నచోట ఆసిడ్ పప్పులుడకవు. గీకిన చోట మాత్రం లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. గీతల వెంట సన్నటి బుడగలు లేస్తాయి. వాటిని పక్షి ఈకతో మెల్లగా తోస్తూ ఉండాలి, అక్కడే నిలిచిపోతే గీత ఎగుడుదిగుడుగా తెగుతుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అచ్చులో అంత నలుపు. వెంట్రుకవాసి గీతలు చాలనుకున్న చోట రేకు బయటికి తీసి వార్నిష్ పూసి మూసేస్తారు, మిగతావాటిని మళ్లీ ఆసిడ్‌కు అప్పగిస్తారు. గీత కాకుండా నీడ కావాలంటే రోజిన్ పొడి మెత్తగా చల్లి కింద నుంచి సెగ చూపిస్తారు. పొడి కరిగి అంటుకుంటుంది, గింజకూ గింజకూ మధ్య ఆసిడ్ కొరుకుతుంది, అచ్చులో అది బూడిదరంగు మంచులా దిగుతుంది. అంతా అయ్యాక పూత కడిగేసి, చిక్కటి సిరా రేకంతా రుద్ది, గంజిపెట్టిన వలగుడ్డతో పైపైది తుడిచేస్తారు. సిరా గీతల గోతుల్లో మాత్రమే మిగులుతుంది. పైన తడి కాగితం, ఆపైన ఉన్ని దుప్పటి వేసి ప్రెస్ చక్రం తిప్పితే కాగితం గోతుల్లోకి దిగి సిరాను పైకి తెస్తుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది.

తోలు గీకిన చేతికి ఇది పరాయి విద్య ఎలా అవుతుంది? ఆయన ఎచింగులు పేరుపొందడానికి బరోడా ఎంత కారణమో నిజాంపూర్ తోలుబొమ్మా అంతే కారణమని నా నమ్మకం. కాదనేవాళ్లు ఆయన గీసిన మేకను ఒకసారి దగ్గరగా చూడాలి. వెంట్రుకలు ఒక్కొక్కటీ సూదిమొన లెక్కన ఉంటాయి, దేహం అంచులు మాత్రం దీపం ముందు నిలబెట్టిన తోలులా తెగి ఉంటాయి.

1965లో బరోడా చదువు ముగిసింది. ఆ తర్వాత ఏళ్లలో, 1960ల చివరా 70ల్లోనూ ఆయన వేసినవి ఎక్కువగా నలుపు, బూడిదరంగు. ఎచింగులు, కలంతో సిరాతో గీసిన బొమ్మలు. వాటిని చూసి హైదరాబాద్ ఉలిక్కిపడింది. చెట్టు మానులోంచి స్త్రీ దేహం మొలుస్తుంది. మగవాడి కాళ్లు వేళ్లయి నేలలోకి దిగుతాయి. మేక మనిషిని చూసే చూపులో, మనిషి మేకను చూసే చూపులో తేడా ఉండదు. కామం చాటుమాటు లేకుండా ఉంటుంది. పౌరాణిక నాయికల బొమ్మలు గోడకు తగిలించుకోవడానికి అలవాటుపడిన మధ్యతరగతికి ఇది మింగుడుపడలేదు. అశ్లీలం అన్నవాళ్లున్నారు. పల్లె సహజత్వం అని వెనకేసుకొచ్చిన వాళ్లూ ఉన్నారు.

నాకు రెండు మాటలూ సగం సగమే అనిపిస్తాయి. పొద్దున లేస్తే పశువుల మధ్య మసిలే ఊళ్లో పుట్టుక, ఎద, చావు దాపరికం లేని సంగతులు. పట్నం వచ్చాకే వాటికి తలుపులు వేయడం నేర్చుకుంటాం. అంతవరకు నిజం. కానీ ఈ బొమ్మలు పల్లె ఫొటోలు కావు. యూరపు సర్రియలిస్టులు కలల్లో వెతికినదాన్ని ఈయన చెరువుగట్టు మీద వెతికారు. ఊరు విడిచి వెళ్లి, నాలుగు దేశాల కళ తెలుసుకొని, వెనక్కి తిరిగి చూసినవాడికే అలాంటి పల్లె కనిపిస్తుంది. ఊళ్లోనే ఉండిపోయినవాడికి కనిపించదు. ఇంకొక మాట కూడా అనాలి. ఆ తొలినాటి బొమ్మల్లో ఆడదాని దేహం ఎంత ఉందో ఆడదాని చూపు అంత లేదు. తర్వాత తర్వాత రంగుల్లో వేసిన ఆడవాళ్లు, జంటలు మన కళ్లలోకి తిన్నగా చూస్తారు. గీతలో కసి తగ్గింది, ముఖాల్లో మనుషులు పెరిగారు. కొందరికి ఇది చల్లబడటంలా తోచింది. నాకైతే అలా అనిపించదు.

ఇంతటి బొమ్మలు వేసినా పూట గడవాలి కదా. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు మొదలయ్యాయి. లక్ష్మాగౌడ్ అందులో చిత్రకారుడిగా పనిచేశారు. కంప్యూటర్లు లేని కాలంలో టీవీ కేంద్రంలో చిత్రకారుడి పని అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు ఊహకు అందదు. కార్యక్రమం పేరు అట్ట మీద చేత్తో రాయాలి, కెమెరా ముందు నిలబెట్టాలి. వాతావరణానికి పటం గీయాలి. నాటకానికి వెనక తెర వేయాలి. సాయంత్రం ప్రసారానికి అన్నీ సిద్ధం కావాలి, రంగు ఆరలేదంటే కుదరదు. ఊరిలో వందమంది ఒక్క పెట్టె చుట్టూ కూర్చొని చూసే రోజులవి. ఎగ్జిబిషన్‌కు వచ్చే పదిమంది అశ్లీలమో కాదో తేల్చుకునే లోపు, పంతులు కాకముందే ఆయన గీత ఎందరి కళ్ల ముందుకో వచ్చింది. కింద సంతకం మాత్రం లేదు.

ఇక పంతులు ఎలా అయ్యారు? ఇందుకు కారణం కళాభిమానం అనుకుంటే పొరపాటు. కారణం ముల్కీ గొడవ, అంటే ఉద్యోగాలు, సీట్లు స్థానికులకే అన్న వివాదం.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం. ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో ఎవరి వాటా ఎంత అన్నదే రెంటికీ మూలం. చివరికి 1973 సెప్టెంబరులో ఢిల్లీ ఆరుసూత్రాల పథకం తెచ్చింది. అందులో ఒక సూత్రం, హైదరాబాద్‌లో కేంద్ర విశ్వవిద్యాలయం పెట్టాలని. అందుకోసం రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చారు. మరుసటి ఏడు, 1974లో విశ్వవిద్యాలయం మొదలైంది. మొదట దానికి సొంత గూడు లేదు. నాంపల్లి స్టేషన్ రోడ్డులో సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్ ఉంది. ఆవిడ తొలి కవితా సంపుటి పేరే ఆ ఇంటికి పెట్టుకున్నారు. కుమార్తె పద్మజా నాయుడు గారు ఆ ఇంటిని విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ప్రభుత్వం ఇచ్చిన భూమి మాత్రం ఊరికి ఎక్కడో దూరంగా, పాత బొంబాయి రోడ్డు పక్కన గచ్చిబౌలిలో. దాదాపు 2,300 ఎకరాల రాళ్లు, తుప్పలు, కుంటలు. పుట్టగొడుగు ఆకారంలో నిలబడిన బండ ఒకటి ఇప్పటికీ ఆ ప్రాంగణానికి గుర్తు. ఆ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అప్పట్లో పట్నంలో ఇల్లు ఉన్నవాళ్లు అక్కడ ఉద్యోగమంటే ముఖం ముడుచుకునేవారు. గచ్చిబౌలిలో చీకటి పడితే పాములు తప్ప ఏముంటాయని!

రెండో కారణం అసెంబ్లీ వైపు నుంచి వచ్చింది. ఎన్.టి. రామారావు గారు అధికారంలోకి వచ్చిన 1983లో రాష్ట్ర అకాడమీలను రద్దు చేశారు. సాహిత్య, సంగీత నాటక అకాడమీలతో పాటు లలితకళా అకాడమీ కూడా పోయింది. ఎన్టీఆర్ గారు కళాద్వేషి అని ఎవరూ అనలేరు, 1985లో తెలుగు విశ్వవిద్యాలయం తెచ్చిందీ ఆయనే. కానీ బొమ్మలు వేసుకునే పిల్లవాడి వైపు నుంచి చూస్తే, వార్షిక ప్రదర్శన, బహుమతి, బయటి రాష్ట్రంలో చదువుకు ఉపకారవేతనం అన్నీ ఒక్క దెబ్బకు ప్రశ్నార్థకమయ్యాయి. నవాబులు ఎప్పుడో పోయారు, ఇప్పుడు అకాడమీ కూడా పోయింది. మిగిలిన గొడుగు విశ్వవిద్యాలయం ఒక్కటే.

ఆ గొడుగు కింద 1988లో సరోజినీ నాయుడు స్కూల్ వచ్చింది. నృత్యం, రంగస్థలం, చిత్రకళ, కమ్యూనికేషన్ ఒకే కప్పు కిందికి తెచ్చిన ప్రయత్నం. చిత్రకళ విభాగాన్ని నిలబెట్టే పని లక్ష్మాగౌడ్ గారికి అప్పగించారు. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆయన పంతులయ్యారు. 2001 దాకా ఆ పనిలోనే ఉన్నారు. స్కూలు తొలి ఏళ్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో, అంటే రైల్వే స్టేషను, హోటళ్లు, ఆటోల రొద మధ్య గడిచాయి. గచ్చిబౌలి రాళ్ల మధ్యకు చేరింది తర్వాతే.

ఒక్క మార్పు పెద్దది. ఇదివరకు పెయింటింగులో ఎం.ఎఫ్.ఏ. చదవాలనుకున్న తెలుగు పిల్లవాడు బరోడాయో శాంతినికేతనో వెళ్లాలి. భాష రాదు, తిండి పడదు, డబ్బు చాలదు. ఈ స్కూలు వచ్చాక నాంపల్లి దాకా వస్తే చాలు. కేంద్ర విశ్వవిద్యాలయం కాబట్టి రిజర్వేషన్లున్నాయి, హాస్టలుంది, ఫీజు తక్కువ. మాసబ్ ట్యాంక్ కాలేజీలో డిగ్రీ చేసినవాడికి సొంత ఊళ్లోనే పై మెట్టు దొరికింది. బయటి రాష్ట్రాల పిల్లలూ వచ్చారు. బరోడాలో తాను చూసినదాన్ని ఆయన ఇక్కడికి తేగలిగారు. ప్రింట్ స్టూడియో ఉన్న చోట చదువు తీరే మారిపోతుంది. నూనెరంగు వేసేవాడు తలుపు వేసుకొని ఒక్కడే వేయగలడు. ఎచింగ్ అలా కాదు. ప్రెస్ ఒకటే, దాని దగ్గర అందరూ వంతు కోసం నిలబడాలి. ఒకడు కాగితం తడపాలి, ఇంకొకడు సిరా తుడవాలి, చక్రానికి ఇద్దరు కావాలి. సిరా చేతులతో కాగితం ముట్టుకుంటే పక్కవాడి పని పాడవుతుంది. ఆసిడ్ తొట్టి దగ్గర మాస్టారికీ శిష్యుడికీ ఒకటే జాగ్రత్త. కాగితం పైకెత్తిన క్షణంలో ఎవడి తప్పు ఏమిటో అందరి ముందూ బయటపడుతుంది, మాస్టారిదైనా సరే. కుర్చీలో కూర్చొని చెప్పే గురువుకు ఆ గదిలో పెద్ద పని ఉండదు.

పంతులైన చిత్రకారుడి మీద మనవాళ్లకు ఒక జాలి ఉంది. పాపం, కాగితాలు దిద్దుకుంటూ సొంత పని పోగొట్టుకున్నాడని. కొందరి విషయంలో అది నిజమే. శేషగిరిరావు గారి విషయంలోనూ కొంత నిజమని పోయిన భాగంలో రాశాను. లక్ష్మాగౌడ్ గారి విషయంలో లెక్క తిరగబడింది. కాగితం మీద ఆగినవాడు మట్టిలోకి, కంచులోకి, అద్దం మీదికి వెళ్లాడు. అద్దం వెనక వైపు నుంచి బొమ్మ వేసే పాత పద్ధతిని మళ్లీ పట్టుకున్నారు. అందులో కంటి పాప ముందు వేయాలి, ముఖం తర్వాత, వెనక గోడ ఆఖర్న. కుడి ఎడమలు ఇక్కడా తారుమారే. తప్పు చేస్తే దిద్దుకునే వీలు లేదు, ముందు వేసినదే చూసేవాడికి మొదట కనిపిస్తుంది. ఎచింగు చేసిన బుర్రకు ఈ తలకిందుల లెక్క కొట్టినపిండి. మట్టి ముఖాలు, మట్టి మేకలు, కాల్చిన ఫలకాలు వరసగా వచ్చాయి. నెల జీతం వస్తుంటే అమ్ముడుపోతుందా లేదా అన్న చింత లేకుండా కొత్త పదార్థంలో చేయి పెట్టవచ్చు. ఆ జీతం ఆయన్ని కట్టేయలేదు, విడిపించింది. 2016లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు పత్రికలన్నీ చిత్రకారుడని రాశాయి. పదమూడేళ్ల పంతులు పని చాలా వార్తల్లో ఒక వాక్యానికి మించలేదు.

ఈ పదమూడేళ్లలో గచ్చిబౌలి చుట్టుపక్కల ఏం జరిగిందో కూడా చెప్పాలి. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. పది అంతస్తుల గుండ్రటి అద్దాల మేడ. చంద్రబాబునాయుడు గారి హైటెక్ సిటీకి అదే మొదటి గుర్తు. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వచ్చింది, సైబరాబాద్ పేరుతో ఒక అభివృద్ధి సంస్థే పుట్టింది. పాములుంటాయని భయపడిన చోట ఎకరం ధర కోట్లలోకి పోయింది. డ్రిల్లింగ్ మిషన్లు పగలనక రాత్రనక బండలు పిండి చేశాయి. బండల్ని కాపాడాలని 1996లోనే కొందరు కలిసి సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టుకోవాల్సి వచ్చింది. మేకలు మేసిన చోట సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాబులు బారులు తీరాయి. ఆ కంపెనీల్లో చేరిన కుర్రకారులో చాలామంది నిజాంపూర్ లాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల నాన్నలు డ్రాయింగ్ మాస్టారి జీతం లెక్కవేసి ఇంజనీరింగులో చేర్పించినవాళ్లే.

అయితే ఆ అద్దాల మేడల లోపల పొడవాటి తెల్లగోడలు ఉన్నాయి. వాటి మీద ఏదో ఒకటి వేలాడదీయాలి. ఏది? ఎవరిది? ఎంతకు? అప్పటిదాకా వేళ్ల మీద లెక్కపెట్టిన కొనుగోలుదారులు కొద్ది ఏళ్లలో ఎలా పుట్టుకొచ్చారు? మాదాపూర్‌లో ఎం.ఎఫ్. హుసేన్ సినిమా ఘర్ ఎందుకు కట్టారు? సైబర్ టవర్స్ ఎదుట శిల్పారామంలో కుమ్మరి సారెకూ ఎదురుగా ఉన్న అద్దాల మేడకూ మధ్య బేరం ఎలా కుదిరింది? పెద్ద బొట్టు, నిగనిగలాడే నల్లటి ముఖం, జరీచీరతో తెలంగాణ ఆడవాళ్లు కార్పొరేట్ ఆఫీసుల గోడలెక్కిన వైనం వచ్చే భాగంలో. ఆ కథ మొదలయ్యేది హైటెక్ సిటీలో కాదు, బాలభవన్‌లో. బూరుగుపల్లి నుంచి వచ్చి, బరోడాలో అదే సుబ్రమణ్యన్ దగ్గర చదివి, హైదరాబాద్ పిల్లలకు బొమ్మలు నేర్పిన తోట వైకుంఠం మాస్టారితో.